చుక్క పెట్టవలసిన చోటు

తిరుత్తణి,
ఆడి కృత్తిక అయిన మూడో రోజు.

చిరంజీవి శ్రీవాసవికి మామ గుర్నాథం ఆశీస్సులు.

ఇక్కడ మేము క్షేమం. అక్కడ నువ్వూ మీ అమ్మా క్షేమమని తలుస్తాను. మీ నాయన క్షేమం నేను అడగను. అడగలేదని నువ్వు మనసులో పెట్టుకోవద్దు.

ఈ కాలంలో మామ ఉత్తరం రాశాడేమిటని నవ్వుకుంటున్నావు కదా, నవ్వుకో. మా ఇంట్లో ఫోను మోగితే మీ అత్త మీనాంబ వంటింట్లోంచి వచ్చి స్పీకరు ఆన్ చేస్తుంది. నాకొచ్చిన వాట్సాప్ నాకంటే ముందే చదువుతుంది. అంగట్లో మాట్లాడదామంటే ఇత్తడి బిందె బేరమాడడానికి వచ్చినవాళ్ళు కూడా బేరం మాని చెవి ఇటు పెడతారు. మీ అత్త చదివింది అరవ బడి, తెలుగు అక్షరం ఒక్కటీ తెలియదు. నీకు మీ నాయనమ్మ పక్కన కూర్చోబెట్టుకుని తెలుగు నేర్పింది. మన ఇద్దరికీ ఇంతకంటే గట్టి తాళం దొరకదు. జవాబు అంగడి అడ్రసుకే రాయి.

సంగతికి వస్తాను. కార్తీకంలో నాకు అరవై నిండుతాయి. షష్టిపూర్తికి మండపం మాట్లాడాను, వంటవాళ్ళను మాట్లాడాను, మేళం మాట్లాడాను. మీ అత్త ఒక్కతే కుదరలేదు. "మా అన్న పుట్టింటి సారె సీరు తీసుకోనొచ్చి, ఆ పట్టుచీర నా చేతిలో పెడితేనే పీట మీద కూర్చుంటా. లేదంటే మీరొక్కరే కూర్చోని అరవై నింపుకోండి" అంది. అన్నదంటే అన్నట్టే, నీకు తెలుసు కదా.

ఆ అన్న నీ కన్నతండ్రి ఆదికేశవులే. మా పెళ్లి నాటి నుంచి నా గడప తొక్కలేదు. ఆడవాళ్ళ రాకపోకలు ఆగలేదు, డబ్బాల్లో మురుకులు ఆగలేదు, మా ఇద్దరికే మాటల్లేవు. మీ ఇంట్లో ఏం కథ చెబుతారో నాకు తెలియదు. అసలు కథ ఇది. హోమం దగ్గర పెళ్లికూతురి దోసిట్లో పేలాలు పోయవలసింది ఆమె అన్న. పోసినందుకు పెళ్లికొడుకు అతనికి ఉంగరం పెట్టాలి. "పెళ్లికూతురి అన్న యాడ, యాడ" అని పంతులు గొంతు చించుకున్నాడు. నేనూ లేచి చూశాను. మనిషి లేడు. భోజనాల హాల్లో బోండాలు తింటూ ఉంటాడు, ఇంకెక్కడికి పోతాడు. హోమం చల్లారిపోతుందని పంతులు తొందరపెడితే, పక్కనే ఉన్న మా పెద్దనాయన కొడుకు కోదండరాముణ్ణి నిలబెట్టి పేలాలు పోయించాం. ఉంగరం వాడి వేలికి పోయింది. అలిగింది మాత్రం మీ నాయన.

మొన్న పెళ్లి క్యాసెట్టును స్టూడియోలో ఇచ్చి పెన్‌డ్రైవులోకి మార్పించాను. మీ అత్త నీ ఉద్యోగం గురించి చెప్పింది. కాట్టుపల్లి రేవులో కొత్తగా చేరిన కూలీలకు నువ్వు జాగ్రత్తలు నేర్పుతావట. స్లైడులో వీడియో పెట్టి, మనిషి హెల్మెట్ లేకుండా నిచ్చెన ఎక్కిన చోట ఒక చుక్క పెడతావట. ఆ చుక్క నొక్కితే వీడియో నేరుగా అక్కడికే దూకుతుందట. అలాంటి చుక్క నాకొకటి కావాలి. పంతులు పిలిచిన చోట, మీ నాయన లేని చోట. మండపంలో పెద్ద తెర కట్టించి అందరి ముందూ ఒక్క నొక్కు నొక్కుతాను. నోరు మూసుకుని చీర ఇచ్చిపోతాడు.

పెన్‌డ్రైవు మురుకుల డబ్బాలో అడుగున ఉంది. ముందు మురుకులు తినేయకుండా వెతుకు.

మీ మామ,
గుర్నాథం


తిరువళ్లూరు,
ఆవణి మొదటి ఆదివారం.

మామకు వాసవి నమస్కారాలు.

ఉత్తరం ఆఫీసు వ్యానులో చదివాను. పక్క సీటామె "ఎవరమ్మా ఈ కాలంలో కాగితం మీద ప్రేమించేది" అని పొన్నేరి దాటేదాకా వదల్లేదు. మా మామ అంటే నమ్మలేదు. నాకు తమిళం చదివినంత సులువుగా తెలుగు రాదు, ఒక్కో ఒత్తు దగ్గర ఆగి ఊపిరి పీల్చుకుని రాస్తున్నాను. తప్పులుంటే నాయనమ్మను తిట్టుకోండి.

మీరు విన్నది నిజమే. దాన్ని బుక్‌మార్క్ అంటారు. స్లైడులో పెట్టిన వీడియోను ఆడించి, కావలసిన చోట ఆపి ఒక బటన్ నొక్కితే, కింద గీత మీద చిన్న గుండ్రటి చుక్క పడుతుంది. అక్కడికి ఎప్పుడంటే అప్పుడు దూకవచ్చు. పెట్టడం చిటికెలో పని. ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడానికి మొత్తం వీడియో చూడాలి, అదే కష్టం. మా రేవులో అయితే పది నిమిషాల వీడియోలు. మీ పెళ్లి మూడు గంటలు.

ఇప్పటికి కొంత చూశాను. మొదట చాలాసేపు మామిడాకులే. తరువాత ఒక గులాబీ పువ్వు విచ్చుకుని అందులోంచి మీ ముఖం వచ్చింది. మీ ముఖం గిరగిరా తిరిగి తామరపువ్వు అయింది, దాంట్లోంచి అత్త వచ్చింది. మీకు అప్పుడు అంత జుట్టు ఉండేదని అత్త ఎప్పుడూ చెప్పలేదు.

చుక్క పెడతాను. మొత్తం చూశాకే పెడతాను. ఈ చుక్క గురించి మీకు చెప్పవలసింది ఇంకొకటి ఉంది, ఇప్పుడు చెబితే మీరు ఒంటికాలి మీద లేస్తారు. ఆగుదాం. మురుకులు బాగున్నాయి, నాయన కూడా తిన్నాడు. ఎక్కడి నుంచి వచ్చాయని అడగలేదు, డబ్బా ఖాళీ చేశాడు.

వాసవి


తిరుత్తణి,
పురట్టాసి రెండో శనివారం.

చిరంజీవి శ్రీవాసవికి,

కొంప మునిగింది. చుక్క సంగతి నేను కోదండరాముడికి ఒక్కడికే చెప్పాను. ఎవరికీ చెప్పనని ఒట్టు కూడా వేయించుకున్నాను. ఒట్టు వేసిన చేత్తోనే వాడు బంధువులందరికీ ఫోన్లు చేశాడు. ఇప్పుడు అందరికీ చుక్కలు కావాలి.

మా పెద్దమ్మ, పెరియమ్మ, మనిషి చేత కబురు పంపింది. మనవాళ్ళలో ఏ శుభకార్యమైనా మొదటి తాంబూలం వాళ్ళింటికే పోతుంది కాబట్టి మొదటి చుక్క కూడా ఆమెదేనట. అరక్కోణం చిన్నాయన నేరుగా అంగడికే వచ్చాడు. "రెండో తాంబూలం మాది, రెండో చుక్కా మాదే. మూడోది ఇస్తే మండపం మెట్లు ఎక్కను" అని, బేరానికి వచ్చిన వాళ్ళ ముందే అని, కాఫీ తాగి పోయాడు. ఆయన పెళ్లికి వచ్చిందే చిట్టచివర, అందరి భోజనాలూ అయ్యాక. ఆయన్ను వీడియోలో ముందుకు ఎలా తెస్తావో నాకు తెలియదు, తెచ్చెయ్.

కోదండరాముడు మాత్రం తనకు చుక్కే వద్దంటాడు. "అన్నా, నేను పేలాలు పోసే చోట నా మొగానికి ఏమన్నా పువ్వు అడ్డం పెట్టమని చెప్పు. అందరూ చూసి ఉంగరం ఎనక్కి ఇమ్మంటే యాడ చచ్చేది? ఇది ఇప్పుడు వేల్లోంచి రాదు. వేలుతోనే రావాల" అని నా వెంట తిరుగుతున్నాడు. చెవిలో జోరీగ అయిపోయాడు.

ఎవరికి ఎన్ని పెట్టినా, నా చుక్క అందరి కంటే పెద్దదిగా, ఎర్రగా పెట్టు.

మీ అత్త పట్టు విడవలేదు. పీటలకు పసుపు రాయమంటే, "ఒక పీటకు రాస్తే చాలు గదా" అంటుంది. నాకు లోపల భయంగానే ఉంది వాసవీ, అరవై ఏళ్ళ వాణ్ణి ఊరందరి ముందు ఒక్కణ్ణే పీట మీద కూర్చోబెడుతుందేమోనని. ఇంకో విషయం, ఈమధ్య ఆమె నన్ను చూసి నవ్వుతోంది. కోపంగా ఉంటే నేను తట్టుకుంటాను. నవ్వితేనే తట్టుకోలేను. తెలుగు రాదు కాబట్టి ధైర్యంగా ఉన్నాను.

గుర్నాథం


తిరువళ్లూరు,
సరస్వతీ పూజ మరునాడు.

మామకు నమస్కారాలు.

చుక్కలన్నీ ఒకే సైజులో ఉంటాయి. పెద్ద చుక్క, ఎర్ర చుక్క అని ఉండవు. వరస కూడా నా చేతిలో లేదు, వీడియోలో ముందు కనిపించినవాళ్ళ చుక్క ముందు వస్తుంది. అరక్కోణం తాత ముందుకు రావాలంటే ఆ రోజే కాస్త ముందు బయలుదేరి ఉండాల్సింది. అయినా ఒక ఉపాయం చేశాను. స్లైడు పక్కన తాంబూలం వరసలో అందరి పేర్లూ వేశాను. పేరు నొక్కితే వీడియో ఆ మనిషి చుక్కకు పోతుంది. మీ పెరియమ్మ పేరు పైన ఉంది, ఇక ఎవరూ అలగనక్కర్లేదు.

ఇప్పుడు దాచిన సంగతి చెబుతాను. మీ మొదటి ఉత్తరం రావడానికి ముందే, క్యాసెట్టు మార్పిస్తున్నారని అమ్మ నోట విని, మా నాయన నా గదిలోకి వచ్చి తలుపు మూసి ఇదే చుక్క అడిగాడు. సరిగ్గా ఇదే చోట. "మీ మామ నన్ను చూసినాడు వాసవీ. నేను ఈడుండానని చెప్పినా. నా మొగాన్నే చూసి, చెయ్యెత్తి పో అన్నట్టు చూపించి, పక్కనుండే వాన్ని పిలిచినాడు. మగపెళ్లివాళ్ళ మనిషి మా చెల్లి దోసిట్లో పేలాలు పోసినాడు. ఆ చోట చుక్క పెట్టు, అందరూ చూడాల" అన్నాడు. నువ్వు ఎక్కడ నిలబడి ఉన్నావని అడిగితే చెప్పలేదు. చొక్కా వేసుకుని బయటికి పోయాడు.

అందుకే మూడు గంటలూ చూశాను, రెండు సార్లు. మా నాయన ఎక్కడా లేడు మామా. పెళ్లికూతురి అన్న కదా, ఒక్క మూలనైనా కనబడాలి కదా. లేడు. మీ బోండాల కథే నిజమేమోనని నా ప్రాణం ఉసూరుమంది. మూడోసారి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూశాను.

హోమం మొదలయ్యే ముందు కెమెరా దగ్గర వీడియో ఆయన గొంతు వినిపిస్తుంది. లైటు పట్టుకునే కుర్రాడు మొదటి పంక్తికి భోజనానికి పోయాడట. "సార్, కొంచెం ఇంద లైటు పిడింగ" అంటాడు, ఈ లైటు పట్టుకోండని. "కుడుంగ" అని, ఇటివ్వమని ఇంకో గొంతు. అది మా నాయన గొంతు. అక్కడి నుంచి మీ అందరి ముఖాల మీదా పడిన వెలుతురు మా నాయన చేతిలోది.

పంతులు పిలుస్తాడు. మీరు లేచి నేరుగా కెమెరా వైపే చూస్తారు. కళ్ళు చిట్లించి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుంటారు. పక్కన మేళం మోగుతోంది, మీకు ఏమీ వినబడి ఉండదు. కెమెరా పక్కనే కాబట్టి ఇందులో వినబడుతుంది: "ఈడుండా. లైటు పట్టుకోనుండా." అని, లైటు పైకీ కిందికీ ఊగుతుంది. మీ ముఖం ఒకసారి చీకటి, ఒకసారి వెలుతురు. మీరు పక్కకు తిరిగి కోదండరామ మామను పిలుస్తారు.

ఆ తరువాత లైటు కదల్లేదు. మీకు అరుంధతిని చూపించడానికి బయటికి తీసుకుపోయేదాకా కదల్లేదు. అంత కోపంలోనూ చెల్లెలి ముఖం మీద వెలుతురు తప్పనివ్వలేదు. నాకు ఏడుపొచ్చింది మామా.

లైటు ఊగిన చోట చుక్క పెట్టాను. మీరిద్దరూ అడిగిన చుక్క అదే.

వాసవి


తిరుత్తణి,
దీపావళికి వారం ముందు.

శ్రీవాసవికి,

నువ్వు మీ నాయన కూతురివే అనిపించుకున్నావు. ఆ చుక్క తీసేయ్. పెళ్లికూతురి అన్నను లైటు పట్టుకోమన్నది నేను కాదు. ఎవరో పట్టుకోమంటే పట్టుకోవడమేనా? కింద పెట్టి రాకూడదా? నోరు లేదా అని రాయబోయాను, ఉందని నువ్వే రాశావు. మేళంవాళ్ళకు అప్పుడే అంత గట్టిగా వాయించాలని ఏం పుట్టిందో. ఇంకేం రాయను. పేలాలూ వద్దు, తెరా వద్దు.

గుర్నాథం

తాజా కలం: కవరు అంటించి మళ్ళీ విప్పాను. ఆ పెళ్లిలో నా కళ్ళలోంచి నీళ్ళు కారాయని మా బంధువులు నేటికీ నన్ను "ఏడ్చిన పెళ్లికొడుకు" అంటారు. ఎందుకు కారాయో నాకే తెలిసేది కాదు. ఆ లైటు బాగా వేడిగా ఉంటుందా?


తిరువళ్లూరు,
దీపావళి మరునాడు.

మామకు నమస్కారాలు.

వేడిగానే ఉంటుందట. నిన్న నాయన మతాబు వెలిగిస్తుంటే మెల్లగా అడిగాను. "మూడు దినాలు చెయ్యి మండె. పెళ్లికూతురి అన్న లైటు పట్టుకున్నాడని చెప్పుకోమంటావా?" అన్నాడు. అమ్మకు కూడా ఇన్నేళ్లూ చెప్పలేదు. మీకు లైటు కళ్ళలో పడి ఏమీ కనబడలేదని నేను చెబితే, "ఆ కత ఆయప్పనే వచ్చి చెప్పమను" అని లోపలికి పోయాడు.

చుక్క తీయను. నాయనకు ఆ వీడియో ఇంకా చూపించలేదు. ఆయన అడుగుతున్నది ఒక్కటే. "ఆ పొద్దు పిలిచినట్టే మల్లా పిలవాల. మైకులో, అందరూ వినేటట్టు. పిలిస్తే సీరు తీసుకోని లోపలికి వస్తా, పిలవకుంటే వాకిట్లో నుంచే తిరుక్కోని వస్తా" అన్నాడు. మీకు ఒక రహస్యం చెబుతాను. చీర ఆయన ఆవణిలోనే కొన్నాడు. బీరువాలో నా పాత పుస్తకాల వెనక దాచి, నేను చూడలేదనుకుంటున్నాడు.

కాబట్టి పిలవండి. మీరు మొండికేస్తారని ఇంకో చుక్క కూడా పెట్టాను. లైటు చుక్కకు ముందు, తాళి కట్టడానికి కాస్త ముందు. మీ పెళ్లిలో బోండా తిన్న మనిషి ఒకడు ఉన్నాడు. బాసికం కట్టుకుని, ఉపవాసంలో ఉన్న మనిషి. కోదండరామ మామ తువ్వాలు అడ్డం పట్టుకున్నాడు, కెమెరా అటు పక్కన ఉందని ఇద్దరూ చూసుకోలేదు. మీరు బావను పిలిస్తే ఆ చుక్క ఎవరూ నొక్కరు.

నేను రాలేకపోతున్నాను, నాకు చాలా బాధగా ఉంది. ఆ వారమే రేవులో కొత్త బ్యాచి చేరుతోంది, సెలవు ఇవ్వలేదు. పెన్‌డ్రైవు నాయన చేతికి ఇచ్చి పంపుతాను. వీడియో ఆడుతుండగా ఆల్ట్, ఎండ్ అనే రెండు మీటలు కలిపి నొక్కితే తరువాతి చుక్కకు పోతుంది. ఆల్ట్, హోమ్ నొక్కితే వెనక చుక్కకు పోతుంది. తెలిసినవాళ్ళ చేతికే ల్యాప్‌టాప్ ఇవ్వండి. కోదండరామ మామకు మాత్రం ఇవ్వద్దు.

వాసవి


తిరుత్తణి,
షష్టిపూర్తి మరునాడు.

చిరంజీవి శ్రీవాసవికి మామ, అత్త ఆశీస్సులు.

ల్యాప్‌టాప్ కోదండరాముడికే ఇచ్చాను. తన ముఖానికి పువ్వు అడ్డం పడిందో లేదో చూసుకోవాలని వాడు పొద్దున్నే వచ్చి దాని ముందు కూర్చుని లేవలేదు. నన్ను తిట్టకు.

హోమానికి ముందు తెర వేశాం. వీడియో అబ్బాయి లైట్లన్నీ ఆర్పించాను. ఈసారి ఆ జాగ్రత్త ముందే తీసుకున్నాను. పెరియమ్మ పేరు మొదట నొక్కారు, ఆమె తన నల్ల జుట్టు చూసుకుని మురిసిపోయింది. అరక్కోణం చిన్నాయన రెండో పేరు చూసుకుని కుర్చీలో సర్దుకున్నాడు. మీ నాయన సంచి పట్టుకుని వాకిలి దగ్గరే నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు, కాఫీ ఇస్తే తీసుకోలేదు. మీ అత్త పెళ్లికూతురి గది తలుపు సందులోంచి ఆయన్నే చూస్తోంది, ఇంకా పాత చీరలోనే ఉంది.

కోదండరాముడికి సైగ చేశాను. వాడు లైటు చుక్క దగ్గరికే పోయాడు, కానీ హాల్లో గోల సద్దుమణగలేదని, మళ్ళీ మొదటి నుంచి వేద్దామని నొక్కాడు, వెనక మీట. తెర నిండా నేను. బాసికం, పట్టుపంచె, బుగ్గలో బోండా. తువ్వాలు వెనక కోదండరాముడు అటూ ఇటూ చూస్తున్నాడు. మండపం పైకప్పు ఎగిరిపోయేట్టు నవ్వారు. ఆనాడు పెళ్లి చేసిన పంతులే ఈనాడూ వచ్చాడు, "ఉపవాసం చెడిన పెళ్లి. అందుకే నాతో మల్లా చేయించుకుంటుండాడు" అన్నాడు. మీ అత్త గదిలోంచే, "తాళి కట్టేటప్పుడు ఉల్లిగడ్డ వాసన యాడనుంచి వచ్చిందో ఇన్నేళ్ళకు తెలిసింది" అంది. వాకిలి దగ్గర మీ నాయన కూడా నవ్వాడు. అందరూ చూశారు, నేనూ చూశాను.

అప్పుడు వాడు ముందు మీట నొక్కాడు. మేళం మోగుతోంది, పంతులు పిలుస్తున్నాడు, నేను చెయ్యి అడ్డం పెట్టుకుని వెతుకుతున్నాను. స్పీకర్లలోంచి మీ నాయన కుర్రతనపు గొంతు వచ్చింది, "ఈడుండా. లైటు పట్టుకోనుండా" అని. తెర మీద నా ముఖం వెలిగి ఆరింది. ఉత్తరంలో చదవడం వేరు, ఆ గొంతు చెవిన పడడం వేరు వాసవీ. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఈసారి లైటు లేదు.

మైకు తీసుకున్నాను. ఎప్పుడు వచ్చిందో మీ అత్త నా వెనక నిలబడి ఉంది. "మైకు తిరగేసి పట్టుకోనుండారు. వాసవి ఉత్తరంలో రాసినట్టే గట్టిగా పిలవండి" అంది. కాఫీపొడి అంగడి మంజుకు తెలుగు వచ్చునట. మొదటి ఉత్తరం నుంచి నువ్వు రాసిన ప్రతిదీ, నా అంగట్లో నా గల్లా కింద నుంచి తీసి, చదివించుకుని, మళ్ళీ అక్కడే పెట్టిందట. ఆమె నవ్వుల మీద నా అనుమానం నిజమే.

"ఆదికేశవులు బావా, మా మీనాంబ అన్నా, యాడుండావు?" అన్నాను మైకులో.

హాలు చీకటిగా ఉంది. వాకిలి దగ్గర ఒక ఫోను లైటు వెలిగింది. పైకీ కిందికీ ఊగింది, సరిగ్గా ఆ రోజు ఊగినట్టే.

"కనపడుతుండావు బావా," అన్నాను. "లైటు కింద పెట్టి రా."

వచ్చాడు. చీర మీ అత్త చేతిలో పెట్టాడు, ఆమె కట్టుకుని వచ్చి నా పక్కన పీట మీద కూర్చుంది. షష్టిపూర్తికి పేలాలు అక్కర్లేదని పంతులు అన్నాడు, అక్కర ఉందని నేను అన్నాను. మీ నాయన చెల్లెలి దోసిట్లో పేలాలు పోశాడు, సగం నా ఒళ్ళో పోశాడు. కోదండరాముడు చేతికి సబ్బు నురగ రాసుకుని ఉంగరం లాగుతూ వచ్చి నిలబడ్డాడు. అది రాలేదు. "ఉండనీలే, నా బదులు పోసినాడు గదా" అన్నాడు మీ నాయన. తరువాత మేమిద్దరం ఒకే పంక్తిలో కూర్చున్నాం. బోండా నా ఆకులో ఆయనే వేయించాడు.

కొత్త వీడియో పెన్‌డ్రైవు మీ నాయన చేతికే ఇచ్చి పంపాను. ఇందులో ఆయన ఎక్కడ చూసినా ఉన్నాడు, మా కంటే ఎక్కువే ఉన్నాడు. దీనికి బంధువుల చుక్కలు, తాంబూలం వరసలు ఏమీ వద్దు. ఒక్క చుక్క చాలు. పేలాల దగ్గర పెట్టొద్దు, చీర దగ్గరా వద్దు. బావ ఆ ఫోను లైటు ఆర్పి లోపలికి అడుగు వేసిన చోట పెట్టు.

మీ మామ,
గుర్నాథం